శనివారం ఇచ్చిన రక్తం

మా అత్తగారికి షుగర్ ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎంత ఉందో మాత్రం ఎవరికీ తెలీదు. తప్పు ఆసుపత్రిది కాదు, డాక్టర్లదీ కాదు. ఆవిడ రక్తం ఇచ్చేది శనివారం నాడు. అదీ సంగతి.

ఈ మాట అన్నప్పుడల్లా మా చుట్టాల్లో కొంతమంది ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. "పోయి పోయి దేవుడి మీద తోసేస్తోంది" అంటారు. నేను ఎవరి మీదా తోయడం లేదు. తోయడానికి ఎవరైనా దొరికి ఉంటే ఈపాటికి ఊరుకునేదాన్నా?

డెబ్భైల చివర్లో మేం భిలాయిలో, రిసాలి వైపు క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా ఆయన స్టీలు ప్లాంటులో ఇంజనీరు. ఫర్నేసు లోపలి గోడలకి వేడికి తట్టుకునే ఇటుక కట్టిస్తారే, ఆ విభాగం. మామగారు పోయాక అత్తగారు విజయనగరంలో ఇల్లు అద్దెకిచ్చేసి మా దగ్గరికి వచ్చేసింది. నేను విశాఖలో బి.ఏ. చదివి వచ్చినదాన్ని. నోరున్న మనిషినని వీధిలో పేరు. రేషన్ షాపువాడు తూకంలో మోసం చేసినా, వానకి కప్పు కారుతోందని మెయింటెనెన్స్ ఆఫీసుకి వెళ్ళాలన్నా, మా వీధి ఆడవాళ్ళు "దీదీ, ఆప్ బోలియే" అని నన్నే ముందుకి తోసేవారు. నేను మాట్లాడేదాన్ని. పని అయ్యేది. మాట్లాడితే పని అవుతుందన్న నమ్మకం నాకు అలా వచ్చింది.

అత్తగారు మాత్రం నాకేం తీసిపోదు. మా ఇద్దరి సంభాషణ పక్కింటివాళ్ళకి దెబ్బలాటలా వినిపించేది. అది దెబ్బలాట కాదు. మేం మాట్లాడుకునే పద్ధతే అంత.

ఆవిడకి శనివారం ఒక్కపొద్దు. పొద్దుట స్నానం చేసి, దేవుడి దగ్గర తీర్థం, తులసిదళం పుచ్చుకుంటే మళ్ళీ దీపాలు పెట్టే వేళ దాకా నోట్లో ఏమీ వేసుకోదు. సాయంత్రం ఫలహారం. ఫలహారం అని పేరే గాని, అరచేయంత మందాన మినపరొట్టె, పైన నెయ్యి, పక్కన బెల్లం పానకం. రొట్టె ముక్క పానకంలో ముంచి, మళ్ళీ నేతిలో ముంచి తినేది. నేను చూస్తుంటే, "ఏటే అలా చూస్తావు? పగలంతా దేవుడికి, ఇప్పుడు నాకు" అనేది.

కొన్ని నెలలకోసారి ఆవిడకి రక్తపరీక్ష ఉండేది. ఖాళీ కడుపుతో ఒకసారి తీస్తారు. తర్వాత ఎప్పుడూ తినే భోజనమే తిని, రెండు గంటలయ్యాక వస్తే ఇంకోసారి తీస్తారు. మా ఆయన స్కూటర్ మీద తీసుకెళ్ళి దింపి డ్యూటీకి వెళ్ళిపోయేవారు. పని అయ్యాక ఆవిడే రిక్షాలో వచ్చేసేది. ఎప్పుడు చూపించుకున్నా రెండు అంకెలూ పక్కపక్కనే ఉండేవి. ఖాళీ కడుపున కొంచెం ఎక్కువ, తిన్నాక కూడా అంతే. డాక్టర్లు మెచ్చుకునేవారు. ఆవిడ ఇంటికొచ్చి, "నా షుగరు నా మాట వింటాది. నువ్వు వినవు గాని" అనేది.

సాయంత్రాలు బజారుకి బయల్దేరేది. ఎంతో దూరం కాదు. కాని ప్రతి గేటు దగ్గరా ఆగేది. పంజాబీవాళ్ళ గేటు, మలయాళీవాళ్ళ గేటు, మూల మీద ఛత్తీస్‌గఢీ మాస్టారి గేటు. గేటు పట్టుకుని నిలబడి ఏదో ఒకటి మాట్లాడి, మళ్ళీ కదిలేది. "మీకు హిందీ రాదు, వాళ్ళకి తెలుగు రాదు, అంతసేపు ఏం మాట్లాడుకుంటారత్తయ్యా?" అని అడిగితే, "నోరుంటే చాలదేటే, భాష కూడా ఎందుకు?" అనేది. వీధిలో అందరూ అమ్మాజీ అంటే ఎంత కలుపుగోలు మనిషో అనుకునేవారు. మేమూ అదే అనుకున్నాం.

ఒకసారి ఫర్నేసు మరమ్మతుకి ఆపారు. అలాంటప్పుడు మా ఆయన ఇంటికి స్నానానికే వచ్చేవారు. పరీక్షకి నేను వెంట వెళ్ళాను. మొదటి రక్తం ఇచ్చాక ఆవిడ ఇంటికి రానంది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని జపమాల తీసింది. "భోజనం చెయ్యరా?" అంటే "తర్వాత చూద్దాంలే" అంది. రెండు గంటలయ్యాక లేచి నిలబడింది. రక్తం తీసే అతను మామూలుగా అడిగాడు: "అమ్మాజీ, ఖానా ఖాయా?"

"హా బాబూ, ఖాయా" అని చెయ్యి చాపింది.

నేను ఆ చెయ్యి వెనక్కి లాగేశాను. "ఏం తిన్నారు?"

"తీర్థం పుచ్చుకున్నాను కదా. తులసాకు కూడా నమిలాను. అబద్ధమెలా అవుతాది?"

"అది భోజనమా?"

"ఒక్కపొద్దు నాడు నన్ను అన్నం తినమంటావేటే, ఆసుపత్రి కోసం?"

"అయితే శనివారమే ఎందుకు వస్తారు? వారంలో ఇంకో రోజు లేదా?"

ఆవిడ నా కేసి జాలిగా చూసింది, డిగ్రీ చదివి ఇంత తెలివితక్కువగా ఉన్నానేమిటా అన్నట్టు. "ఖాళీ కడుపుతో రమ్మన్నారా లేదా? శనివారం ఎలాగూ ఖాళీయే. ఇంకో రోజు కూడా ఊరికే మాడడం దేనికి?"

అన్నేళ్ళూ ఆవిడ అలాగే ఇచ్చింది. ఒకే ఉపవాసానికి రెండు సార్లు రక్తం. అందుకే అంకెలు రెండూ కవల పిల్లల్లా ఉండేవి. అక్కడ క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజుకి అది నవ్వులాటే.

సోమవారం మళ్ళీ తీసుకెళ్ళాను. దానికి ముందు ఆదివారమంతా ఇంట్లో వాదన. చివరికి ఒప్పుకుంది. ఖాళీ కడుపున ఒకసారి ఇచ్చి, ఇంటికొచ్చి, పప్పు, నెయ్యి, బంగాళాదుంప వేపుడు, గడ్డ పెరుగు, రోజూ ఎలా తింటుందో అలాగే తిని, మళ్ళీ వెళ్ళి చెయ్యి చాపింది. "ఇదిగో, నీ కోరిక తీరిందా?" అంది నాతో.

మర్నాడు డాక్టరు కబురు పంపాడు. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. శ్రీకాకుళం వైపువాడని తెలిసినప్పటినుంచీ అత్తగారికి అతనంటే అభిమానం. మమ్మల్ని కూర్చోబెట్టి, లోపల్నుంచి గాజు గొట్టం ఒకటి తెప్పించాడు. అడుగున ఎర్రగా రక్తం పేరుకుంది. పైన తేరుకున్న నీరు పసుపుపచ్చగా ఉండాలట. ఇది తెల్లగా ఉంది. పల్చటి మజ్జిగలా, వెలుతురుకి పెట్టినా అవతలి వైపు కనబడకుండా.

"ఇదేటి బాబూ, పాలు కలిపారా?" అంది అత్తగారు.

"మీరే కలిపారమ్మా" అన్నాడు అతను. "అన్నం తిన్నాక అందరి రక్తంలోకీ కొవ్వు వస్తుంది. కొన్ని గంటల్లో ఖర్చైపోతుంది. షుగరు అదుపులో లేనివాళ్ళకి కొంతమందికి అది పోదు. మధ్యాహ్నం తిన్నది రాత్రికీ తిరుగుతుంటుంది. దాని మీద మళ్ళీ తింటారు. ఏళ్ళ తరబడి ఇదే రక్తం ఒళ్ళంతా తిరిగితే నాళాలు ఊరుకోవు."

"అంటే ఆ కొవ్వే నాళాలు పాడుచేస్తుందా?" అన్నాను.

"అదొక్కటే అని ఇంకా ఎవరూ తేల్చలేదండీ. షుగరుంది, వయసుంది, బీపీ ఉంది. అన్నీ కలిసే చేస్తాయి." అని ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, నడుస్తుంటే పిక్క పట్టేస్తుందా?" అని అడిగాడు.

"పట్టేస్తాది."

"ఆగితే తగ్గుతుందా?"

"ఆగితే పోద్ది బాబూ. అందుకే కదా ఆగుతాను, గేటు గేటుకీ. ఊరికే నిలబడితే ఏం బాగుంటాది, అని రెండు మాటలాడతాను."

ఇన్నాళ్ళూ ఆవిడ ఒక్కసారి కూడా కాలు నొప్పి అనలేదు. నొప్పి అంటే బజారు మానేయమంటామని.

"చుట్ట అలవాటుందా? మా వైపు పెద్దవాళ్ళు నిప్పువైపు నోట్లో పెట్టి అడ్డపొగ తాగుతారు కదా" అన్నాడు డాక్టరు.

"ఏటనుకున్నావు బాబూ నన్ను? మా ఇంటా వంటా లేదు."

అతను కింద కూర్చుని ఆవిడ రెండు పాదాల మీదా వేళ్ళు పెట్టి చాలాసేపు చూశాడు. కుడి పాదం దగ్గర ఇంకా ఎక్కువసేపు. లేచాక నాతో విడిగా, కుడికాల్లోకి రక్తం సరిగా దిగడం లేదన్నాడు.

ఆ రోజునుంచీ నేను కాలు కాపాడే యుద్ధంలో దిగాను. నెయ్యి గిన్నె అలమారులో పెట్టి తాళం వేశాను. గాజు సిరంజి మరిగించి ఇన్సులిన్ పొడవడం నేర్చుకున్నాను. కొవ్వు తగ్గడానికి మాత్రలు కూడా ఇచ్చారు. అత్తగారితో రోజూ పోట్లాటే అనుకున్నాను గాని, ఆవిడ పోట్లాడలేదు. కాలు అన్న మాట విన్నాక తినమన్నది తింది, వద్దన్నది మానేసింది. శనివారం ఒక్కపొద్దు కూడా వదిలేసింది. దేవుడి దగ్గర నిలబడి, "కాలున్నంతవరకే నీ గుడికి రాగలను, ఆలోచించుకో" అని చెప్పొచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే గాజు గొట్టంలో నీరు తేటపడింది. నేను గెలిచాననుకున్నాను.

పిక్క నొప్పి మాత్రం తగ్గలేదు. ఒక గేటుకీ ఇంకో గేటుకీ మధ్య కూడా ఆగాల్సి వచ్చింది. తర్వాత మా గేటు దగ్గరే ఆగిపోయింది. రక్తం శుభ్రపడితే కాలెందుకు బాగుపడదని డాక్టర్ని నిలదీశాను. "నీళ్ళు ఇప్పుడు బాగున్నాయండీ, పైపులు అప్పుడే పూడిపోయాయి" అన్నాడు. నాగపూర్ తీసుకెళ్ళాం. అక్కడ రంగు మందు ఎక్కించి కాలికి ఫోటోలు తీశారు. ఒకచోట మూసుకుపోతే పక్కనుంచి కొత్త దారి వేస్తారట. ఈవిడకి పైనుంచి కింద దాకా చాలాచోట్ల మూసుకుపోయింది. దారి వేసినా తీసుకెళ్ళి ఎక్కడ కలపాలి? ఆ ప్రశ్న అడిగింది నేను కాదు, అక్కడి పెద్ద డాక్టరు. అడిగి మా మొహాలు చూశాడు, సమాధానం మా దగ్గర ఉన్నట్టు. రైల్లో వస్తూ అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దుర్గ్ స్టేషన్ దాటాక, "ఇంక మన ఇంటికెళ్ళి పడుకుందాం" అంది.

ఆ చలికాలం గట్టిగా వచ్చింది. ఆవిడకి కుడి పాదం మంచులా ఉండేది. ఎన్ని మేజోళ్ళు తొడిగినా వెచ్చబడేది కాదు. మా ఆయన విభాగంలో పనిచేసే వాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఫర్నేసు ఇటుకొకటి ఉండేది, అంచు విరిగిందని ప్లాంటులో పారేసింది. సాయంత్రం వంటయ్యాక సిగ్డీ అనే బొగ్గుల కుంపటి మీద ఆ ఇటుక పెట్టి, వేడెక్కాక పాత తువ్వాలు చుట్టి, రజాయి బొంతలో కాళ్ళ దగ్గర పెట్టుకునేవారు. ఫర్నేసు కోసం చేసిన ఇటుక కదా, వేడి ఓ పట్టాన వదలదు. అప్పట్లో భిలాయిలో పిల్లలు, ముసలివాళ్ళు చలికాలాలు ఆ ఇటుకలతోనే గడిపారు. ఎవరికీ ఏమీ కాలేదు.

మా ఆయన తల్లి కాళ్ళ దగ్గర ఇటుక పెట్టి, "వెచ్చగా ఉందా అమ్మా?" అని అడిగారు.

"ఏటీ తెలీట్లేదురా. ఇంకాస్త కాల్చు."

ఆయన ఇంకాస్త కాల్చి పెట్టారు. నేను తువ్వాలు మీద చెయ్యి పెట్టి చూశాను. వేడిగానే ఉంది. ఆవిడ, "పరవాలేదు, ఉంచు" అంది.

పొద్దున్న, "దుప్పటి తడిసిందేటే, చూడు" అని పిలిచింది. మడమ పక్కన అరచేతి మేర తోలు లేచి, నీరు కారిపోయింది. నొప్పా అంటే లేదంది. షుగరు ఎన్నేళ్ళుగానో పాదంలో స్పర్శ తినేసింది. ఆ సంగతి పాదానికి తప్ప మాకెవరికీ తెలీదు. ఫర్నేసు గోడకి ఎంత వేడి తగిలితే ఎంతసేపు నిలుస్తుందో లెక్కలు కట్టే మనిషి, మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయారు. ఆ రోజు ఆయన డ్యూటీకి వెళ్ళలేదు. ఆయన నాకేసి చూశారు, ఏదో ఒకటి అంటే బాగుణ్ణు అన్నట్టు.

రక్తం దిగని కాలికి పుండు ఎలా మానుతుంది? కట్టు కట్టాం, సూదులు పొడిపించాం. పుండు మానకపోగా, ఏ దెబ్బా తగలని బొటనవేలు మొదట ఊదారంగు తిరిగి, తర్వాత నల్లబడింది. ఆసుపత్రిలో చేర్చాం. ఒకరోజు పొద్దున డాక్టర్లు ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి, మా ఆయన్ని బయటికి పిలిచారు. ఆయన తిరిగొచ్చి తల్లి మొహం చూడకుండా కుర్చీ సర్దడం మొదలెట్టారు. అత్తగారికి అర్థమైపోయింది. నన్ను దగ్గరికి రమ్మంది.

"నువ్వెళ్ళి మాట్లాడవే. ఆ కప్పు బాగుచేసేవాడి చేత కప్పు వేయించావు. రేషన్ వాడి చేత తూకం మార్పించావు. వీళ్ళ చేత నా కాలు వదిలేయించలేవేటి?"

వెళ్ళాను. కుర్ర డాక్టరు తన గదిలోనే ఉన్నాడు. ఆపరేషన్ చేసేది అతను కాదు గాని, నాకు మాట్లాడ్డానికి దొరికింది అతనే.

"వేలు నల్లబడితే వేలు తియ్యండి. మోకాలి పైదాకా ఎందుకు?"

"తీసిన చోట మానాలి కదండీ. మానాలంటే అక్కడికి రక్తం రావాలి."

"కాస్త రోజులు ఆగి చూడొచ్చు కదా? మందు మార్చి చూడండి. మీరు ఆగమంటే ఆగడానికి మేం సిద్ధం."

"ఆగితే విషం పైకెక్కుతుంది. అప్పుడు కాలు గురించి కాదు, మనిషి గురించి మాట్లాడుకోవాలి."

"ఇంకో డాక్టర్ని అడుగుతాను."

"అడగండి. నేనూ అడిగాను. ముగ్గుర్ని అడిగాను." అతని గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే నాకు పట్టు దొరికేది. "రండి, మీరే చూడండి" అని వార్డుకి తీసుకెళ్ళాడు. అత్తగారు మందు మత్తులో కళ్ళు మూసుకుని ఉంది. నా రెండు వేళ్ళూ ఆవిడ పాదం మీద పెట్టించాడు. ఏమీ లేదు. చీలమండ వెనక పెట్టించాడు. లేదు. మోకాలి వెనక. లేదు. అక్కడినుంచి పైకి, తొడ మొదట్లో, దుప్పటి మీదనుంచి నొక్కమన్నాడు. అక్కడ కొట్టుకుంటోంది, నిదానంగా, తన పని తాను చేసుకుంటున్నట్టు.

"ఇక్కడిదాకానే" అన్నాడు.

నేను బి.ఏ. చదివాను, ఇంగ్లీషు తెలుసు, హిందీలో తిట్టడం తెలుసు, ఏ ఆఫీసులో ఎవరి పై అధికారి ఎవరో తెలుసు. ఆ వేళ్ళు తీశాక అనడానికి ఒక్క మాట దొరకలేదు.

సాయంత్రం ఆవిడకి మెలకువ వచ్చింది. "ఏటన్నాడు?"

"మోకాలి పైనుంచి తీస్తారటత్తయ్యా."

"నువ్వేటన్నావు?"

నేను ఆవిడ దుప్పటి సర్దాను. ఆవిడ, "సరేలే" అంది. సరేలే అన్న మాట ఆవిడ నోట అంతకు ముందు నేను వినలేదు. తర్వాత కొడుకుని పిలిచింది. "ఒరే నాయనా, ఆ కాలు చెత్తలో పడెయ్యనీకు. కుక్కల పాలు చేస్తారు. నువ్వే తీసుకెళ్ళి శివనాథ్ ఒడ్డున పెట్టిరా." మా ఆయన తల ఊపారు. ఆపరేషన్ అయ్యాక తోటి ఇంజనీరుని వెంటబెట్టుకుని, తెల్లగుడ్డలో చుట్టిన ఆ మూట ఒళ్ళో పెట్టుకుని నది ఒడ్డుకి వెళ్ళారు. పాతిపెట్టడానికి గొయ్యి ఎంత లోతు తియ్యాలో, ఏం మంత్రం చదవాలో చెప్పేవాళ్ళు లేరు. మనిషికుంది గాని కాలికి ఏ శాస్త్రమూ లేదు. స్నానం చేసి ఇంటికొచ్చి, "బరువుగా ఉంది" అన్నారు. అంతే, దాని గురించి ఆయన అన్నది ఇంకేమీ లేదు.

అత్తగారు ఇంటికొచ్చింది. లేని కాలికి చలేస్తోంది అనేది. లేని మడమ గోకమనేది. నేను ముందు వాదించాను, అక్కడ ఏమీ లేదని. తర్వాత మానేసి, ఉత్త దుప్పటిని గోకేదాన్ని. "ఆఁ, అక్కడే" అనేది.

ఇంక మిగిలింది ఎడమ కాలు. ఆ డాక్టరే దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పాడు. రోజూ వేళ్ళ సందులు చూడాలి, గోళ్ళు జాగ్రత్తగా తియ్యాలి, పాదం మీద రక్తం కొట్టుకుంటోందో లేదో వేళ్ళతో చూస్తుండాలి. "గట్టిగా నొక్కకండి. గట్టిగా నొక్కితే మీ వేళ్ళలో కొట్టుకునేదే మీకు తెలుస్తుంది. అది ఆవిడదనుకుంటారు" అన్నాడు. ఆవిడ పక్కనే ఉండి వింది.

రోజూ పొద్దుట ఆవిడకి కాఫీ ఇచ్చి, మంచం దగ్గర కింద కూర్చుని, ఎడమ పాదం ఒళ్ళో పెట్టుకునేదాన్ని. వేళ్ళు తేలిగ్గా ఆనిస్తే ఏమీ తెలిసేది కాదు. కాస్త నొక్కితే ఏదో కదిలినట్టుండేది. ఇంకాస్త నొక్కితే టకటకా కొట్టుకునేది. బయట మొదటి షిఫ్టువాళ్ళ సైకిళ్ళు పోతుండేవి. నేను ఊపిరి బిగబట్టి చూస్తుండేదాన్ని.

"ఉందేటే?"

"ఉందత్తయ్యా."

ఒకరోజు ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఉందంటావు సరే. నీదో నాదో సరిగ్గా చూసి చెప్పు."

నేను వేళ్ళు తీసి, చీర కొంగుకి తుడుచుకుని, మళ్ళీ పెట్టాను.